డిసెంబర్ స్లాబ్: 10 రోజులకే జాకీలు తీసేస్తానంటున్నాడు మేస్త్రీ, తీయనివ్వాలా?

పటాన్‌చెరు ఇంటిపని:
స్లాబ్ పోసి ఇవాళ్టికి 8 రోజులు. పీపీసీ సిమెంటు (ఫ్లయాష్, అంటే బొగ్గు బూడిద కలిపింది), 5 అంగుళాల మందం. హాలు 16 అడుగుల వెడల్పు, మిగతా గదులు 11 అడుగుల లోపే. రాత్రిపూట చలి 11 డిగ్రీలకు దిగుతోంది. సంక్రాంతికి కూలీలు ఊరెళ్లిపోతారు, ఈలోగా సామాను ఇంకో సైటుకు కావాలి, అందుకని 10వ రోజు స్లాబ్‌ను కింద నుంచి మోసే జాకీలన్నీ విప్పేస్తానంటున్నాడు సెంట్రింగ్ మేస్త్రీ. మా బావేమో చలికి కాంక్రీటు గట్టిపడదు, నెల రోజులు ముట్టుకోనివ్వకు అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

సెంట్రింగ్ అన్న:
మీ బావగారు లడఖ్‌లో ఇల్లు కడుతున్నారా? చలిలో కాంక్రీటు పనికి ఐఎస్ (భారతీయ ప్రమాణం) 7861 రెండో భాగం అని ఒక కోడ్ ఉంది. అది 5 డిగ్రీలు, అంతకంటే తక్కువ ఉన్న చోటికి. పచ్చి కాంక్రీటులో నీళ్లు గడ్డకడితే లోపల్లోపలే పగులుతుంది, అదీ అసలు భయం. హైదరాబాద్‌లో ఆ గొడవే లేదు. నన్నడిగితే స్లాబ్‌కు డిసెంబరంత మంచి నెల లేదు. మే నెలలో పోసింది సాయంత్రానికే నెర్రెలిస్తుంది. 20 ఏళ్లుగా చేస్తున్నా, నేను విప్పిన స్లాబ్ ఒక్కటీ కిందికి రాలేదు.

నిజాంపేట ఇంజనీర్:
మే సంగతి ఒప్పుకుంటాను. గడ్డకట్టే భయం లేదన్నదీ నిజమే. కానీ ఆయన అడిగింది అది కాదు కదా అన్నా. జాకీల లెక్క ఐఎస్ 456లో ఉంది. స్లాబ్ ఆధారానికీ ఆధారానికీ మధ్య 4.5 మీటర్ల లోపుంటే 7 రోజులు, దాటితే 14. దూలాలకు 6 మీటర్ల వరకు 14. అదీ ఓపీసీ (ఫ్లయాష్ కలపని మామూలు సిమెంటు) వాడి, వాతావరణం 15 డిగ్రీల కిందికి పడనప్పుడు. ఈయన హాలు దాదాపు 4.9 మీటర్లు. సిమెంటు పీపీసీ, అందులోని ఫ్లయాష్ నిదానంగా బలం ఇస్తుంది, చలికి ఇంకా నిదానం. పైగా రాత్రి 11. ఏ వైపు నుంచి చూసినా హాలుకు 10 రోజులు చాలవు.

సెంట్రింగ్ అన్న:
రాత్రి 11 సరే సార్, మధ్యాహ్నం 28 కొడుతోంది. సగటు 20 వస్తుంది. 15 దాటినట్టే కదా? కావాలంటే క్యూబులు (అదే కాంక్రీటుతో పోసిన దిమ్మలు) టెస్టు చేయించుకోండి.

నిజాంపేట ఇంజనీర్:
సగటు వాదన తీసిపారేసేది కాదు. అయితే కోడ్‌లో ఉన్న మాట ‘కిందికి పడనప్పుడు’ అని, కాబట్టి నేను రాత్రినీ లెక్కలోకి తీసుకుంటాను. పోనీ మీ సగటే పట్టుకుందాం. కాంక్రీటు పక్వతకు, అంటే ఎంత గట్టిపడిందో అంచనాకు, ఒక మోటు లెక్క ఉంది: మైనస్ 10 డిగ్రీలను సున్నాగా పెట్టుకుని, ఆపైనున్న డిగ్రీలను రోజులతో గుణించడం. ల్యాబులో ఉంచే 27 డిగ్రీల్లో 14 రోజులంటే 518. సగటు 20 అయితే రోజుకు 30 చొప్పున అదే 518 రావడానికి 17 రోజులు పైనే పడుతుంది. నెల రోజులు అక్కర్లేదు, 10 మాత్రం కాదు.

క్యూబుల సంగతి కూడా చెప్తాను. ల్యాబులో వాటిని 27 డిగ్రీల నీళ్లలో నానబెడతారు. స్లాబేమో బయట చలిలో వణుకుతోంది. రెండు క్యూబులు స్లాబ్ మీదే పెట్టి, దాంతోపాటే తడిపి టెస్టు చేయిస్తే అప్పుడు నమ్ముతాను.

బోడుప్పల్ గృహిణి:
జాకీల గొడవలో నీళ్ల సంగతి మర్చిపోతున్నారు. పోయినేడు మాకు చలికాలం కదా, పొద్దున ఒకసారి కొడితే చాలన్నారు. మధ్యాహ్నం గాలి పొడిగా ఉండి, మూడింటికల్లా స్లాబ్ తెల్లగా ఆరిపోయేది. చివరికి నేనే మడులు కట్టించి నీళ్లు నిలబెట్టించాను. తెల్లారుజామున బోరు నీళ్లు గోరువెచ్చగా వస్తాయి, చలికి దడిసేది మనుషులే!

నిజాంపేట ఇంజనీర్:
కరెక్టుగా చెప్పారు మేడం. పీపీసీకి కనీసం 10 రోజుల తడి ఉండాలి. నేనైతే 14 పెట్టిస్తాను.

పటాన్‌చెరు ఇంటిపని:
మేస్త్రీతో మాట్లాడాను. చిన్న గదుల జాకీలు 10వ రోజు తీస్తాడట, హాలువి 18వ రోజు వరకు ఉంచుతాడట. అదనపు రోజుల అద్దె నేనే ఇవ్వాలి. ఇది సరేనా?

నిజాంపేట ఇంజనీర్:
ఒక్క సవరణ. చిన్న గదులైనా దూలాల కింద జాకీలు కదపనివ్వకండి, అవీ 18 వరకు. తీసేశాక మళ్లీ పెడతానంటే ఒప్పుకోవద్దు. పిట్టగోడ ఇటుకలు ఇప్పుడే పైకి ఎక్కించొద్దు.

సెంట్రింగ్ అన్న:
అద్దె ఇస్తానంటే ఉగాది దాకా ఉంచుతాం సార్, మాకేం బాధ?