5070 టీఐ: ఓసీ మోడల్‌కి పదకొండు వేలు ఎక్కువ పెట్టడం దండగా, కాదా?

కావలి_కుర్రోడు:
అన్నలూ ఒక తగువు తీర్చండి. మొన్న శనివారం పినాకిని ఎక్కి మద్రాసు పోయి కంప్యూటర్ షాపులుండే రిచీ స్ట్రీట్ మొత్తం తిరిగొచ్చా. ఆర్‌టీఎక్స్ 5070 టీఐ గ్రాఫిక్స్ కార్డు మామూలు మోడల్ 83 వేలు చెప్పారు, అదే కంపెనీ అదే చిప్పు, కాకపోతే వేడి లాగే లావుపాటి హీట్‌సింకు, రంగుల లైట్లు, పెట్టె మీద ఓసీ అని రాసుండేది 94 వేలంట. షాపాయనేమో ఫ్యాక్టరీలోనే ఓవర్‌క్లాక్ చేసొచ్చింది, అంటే చిప్పు స్పీడు పెంచొచ్చింది తంబీ, కళ్లు మూసుకుని తీసుకో అంటాడు. నాతో వచ్చిన రూమ్మేటు ఆ రెండక్షరాలకి పదకొండు వేలా, పిచ్చి గానీ పట్టిందా అని అక్కడే తిట్టాడు. రైల్లో గూడూరు దాటేదాకా కొట్లాడుకుంటానే ఉన్నాం, చివరికి ఏమీ కొనకుండా ఉత్త చేతుల్తో ఇంటికొచ్చా. మానిటర్ 1440పీ, ఎస్‌ఎంపీఎస్ అంటే కరెంటు పెట్టె 550 వాట్లు, ఇప్పుడుండే కార్డు పాత 1660 సూపర్. ఏం చెయ్యమంటారు?

ఒంగోలు_గిత్త:
94 వేలదే తీసుకో, రెండో మాట లేదు. నేను 2015లో 980 టీఐ కొన్నా, కంపెనీ చెప్పిన బూస్టు, అంటే గేమ్‌లో పోయే స్పీడు, 1,075 మెగాహెర్ట్జ్, నేను 1,430 దాకా తోలి మూడేళ్లు ఆడా. మంచి కూలరు కాబట్టే అట్టా పరిగెత్తింది. గిత్తకి దాణా పెట్టకుండా బండ లాగమంటే లాగుద్దా?

ట్రంకురోడ్డు_టెకీ:
గిత్తన్నా, 980 టీఐ కాలం వేరు. అప్పుడు కంపెనీవాళ్లు చాలా వదిలేసేవాళ్లు, మనం ఏరుకునేవాళ్లం. ఇప్పుడు కార్డే తన వేడి, తను తాగే కరెంటు చూసుకుని ఎంత పోగలిగితే అంత పోద్ది. 5070 టీఐకి చిప్పు కంపెనీ ఎన్విడియా చెప్పిన బూస్టు 2,452 మెగాహెర్ట్జ్, కానీ మామూలు మోడల్ గేమ్‌లో ఊరికే 2,700 దాటుద్ది. ఓసీ మోడల్ అంటే ఆ కాగితం మీది అంకెకి ఓ వంద కలుపుతారు, లెక్కేస్తే నాలుగు శాతం, ఫ్రేముల్లో, అంటే సెకనుకొచ్చే బొమ్మల్లో చూస్తే అంత కూడా రాదు. వంద ఫ్రేములొచ్చే చోట నూట మూడు. దీనికి పదకొండు వేలా?

పైగా ఈ 50 సిరీస్‌లో ఓవర్‌క్లాక్‌కి చోటు బాగానే ఉంది, ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని కోర్ (చిప్పు స్పీడు) ప్లస్ 300, మెమరీ ప్లస్ 2000 మెగాహెర్ట్జ్ తోస్తే మూడు గిగాహెర్ట్జ్ దగ్గరికొచ్చేస్తుంది, మామూలు మోడలైనా సరే. నీ చిప్పు ఎంత ఒప్పుకుంటుందనేది నీ అదృష్టం, పెట్టె మీద రాతకీ దానికీ సంబంధం లేదు. ఒక్కటి గుర్తుంచుకో తమ్ముడూ, మెమరీ మరీ ఎక్కువ తోస్తే వెంటనే క్రాష్ అవ్వదు, తప్పులు దిద్దుకుంటా లోపల్లోపల నెమ్మదిస్తది, నువ్వేమో పెంచానని మురిసిపోతుంటావు. ప్రతి 250కీ ఓసారి బెంచ్‌మార్క్ పరీక్ష కొట్టి చూస్కో.

లైట్లు_లేని_పీసీ:
అసలు 83 వేలేంది సామీ, అమెరికాలో అది దిగిన రేటు 749 డాలర్లే గదా. మనల్నే ఎందుకు దోస్తారు ఇట్టా.

లెక్కల_సారు:
ఈ ఏడుపు ప్రతిసారీ వింటన్నా. 2025 ఫిబ్రవరిలో అది దిగినప్పుడు డాలరు 87 రూపాయల దగ్గరుంది. 749ని 87తో కొట్టు, 65 వేల చిల్లర. దాని మీద 18 శాతం జీఎస్టీ, దాదాపు 77 వేలు. ఎన్విడియా ఇండియాకి ప్రకటించింది 80 వేలు. అమెరికా రేటులో అక్కడి ట్యాక్సు కలపరు, మన రేటులో కలుపుతారు, తేడా అంతా అక్కడే ఉంది. దోపిడీ ఉంటే 80కీ 94కీ మధ్యలో ఉంది, అది చూడండి. 5070 టీఐకి ఎన్విడియా సొంత ఫౌండర్స్ ఎడిషన్ కూడా లేదు, అన్నీ వేరే కంపెనీలు చేసేవే, అందుకే తలా ఒక రేటు.

ఒంగోలు_గిత్త:
సారు లెక్క సరే. టెకీ, నువ్వు ఏసీ గదిలో కూర్చుని మూడు గిగాహెర్ట్జ్ అంటన్నావు. రోహిణి కార్తెలో మా మిద్దె మీద గదిలో రాత్రి పది గంటలకి గూడా 38 డిగ్రీలు ఉంటది. బయట గాలే అట్టుంటే ఆ సన్న హీట్‌సింకు ఏం చల్లారుద్ది? పోయినేడు మా బావమరిది సన్న మోడల్ కొన్నాడు, ఫ్యాన్లు పిండి మర మాదిరి మోత, వాళ్లమ్మ తలుపు తీసి లోపలేమన్నా గ్రైండరు పెట్టావా అనింది. పదకొండు వేలు ఓసీకి కాదబ్బా, కూలరుకి.

ట్రంకురోడ్డు_టెకీ:
ఆ మాట ఒప్పుకుంటా. కూలరుకైతే కొంత పెట్టొచ్చు. అట్టయితే నాలుగైదు వేలు ఎక్కువుండే మధ్య మోడల్ చూడమను, లైట్లకి కూడా డబ్బులెందుకు కట్టడం.

చీమకుర్తి_రాయి:
కూలరు ఎంత పెద్దదైతే అంత దుమ్ము కూడా పడతదన్నా. మా ఊళ్లో గ్రానైట్ పొడి, నెలకోసారి విప్పకపోతే రెక్కల మధ్య తెల్లగా సున్నం కొట్టినట్టు పేరుకుంటది, పాత కార్డు 84 డిగ్రీలు చూపిస్తంటే బ్లోయరు పట్టి ఊదితే 73కి దిగింది, ఒక్క పైసా ఓవర్‌క్లాక్ లేకుండా. ఇంకోటి, వారంటీ కాగితం చదువుకుని కొను. నాది ఫ్యానొకటి ఆగిపోతే ఊరూ పేరూ ఎందుకులే ఒక షాపులో ఇచ్చా, ఐదు వారాలు తిప్పారు, ఆ ఐదు వారాలు ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మీద పేకాట ఆడుకున్నా.

ముత్తుకూరు_చెరువు:
అందరూ పైకి తోలడం గురించే మాట్లాడతన్నారు, నేను కిందికి దించా. నాది ఇదే కార్డు, 300 వాట్లది. మా వైపు సాయంత్రం రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు అన్నీ ఒక్కసారి తిప్పేసరికి వోల్టేజీ పడిపోద్ది, స్టెబిలైజరు టక్ టక్ టక్ మని కొట్టుకుంటది, అప్పుడే నేను గేమ్‌లో ఉంటా, యూపీఎస్ కుయ్యిమని అరిచి మొత్తం ఆగిపోయేది. ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్ ఎఫ్ కొడితే ఎంత వోల్టేజీకి ఎంత స్పీడో చూపించే ఒక గీత వస్తది చూడండి, దాంట్లో 0.925 వోల్టుల దగ్గర 2,750 పెట్టి ఆ పైన అంతా చదును చేసేశా. 290 వాట్లు లాగేది 235కి దిగింది. ఫ్రేములు రెండో మూడో తగ్గాయి, నాకు తెలీలేదు. ఫ్యాన్ల మోత మాత్రం పోయింది, యూపీఎస్ అరుపూ పోయింది. ఫస్టు 0.875 పెట్టి దురాశకి పోతే స్క్రీనంతా ఆకుపచ్చ చుక్కలొచ్చి నల్లగా అయిపోయింది, మెల్లగా పెంచుకుంటా పోవాల.

కావలి తమ్ముడూ, అసలు సంగతి ఎవురూ చూళ్లేదు. నీ ఎస్‌ఎంపీఎస్ 550. ఈ కార్డుకి ఎన్విడియా 750 వాట్లు ఉండమంటది. ఓసీ మోడలైతే ఇంకా ఎక్కువ లాగుద్ది. ఆ పదకొండు వేలు ముందు దాని మీద పెట్టు, 16 పిన్నుల కేబులు నేరుగా వచ్చేది చూసి కొను, అడాప్టర్లతో అతుకులేసుకోబాక.

ఎర్ర_టీమ్:
ఇంత రచ్చ దేనికి, ఏఎండీ వాళ్ల ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీ తీసుకుంటే పోద్ది గదా. అదీ 16 జీబీనే, దిగిన రేటు 599 డాలర్లు. దాన్ని కూడా చెరువన్న మాదిరి వోల్టేజీ దించి అండర్‌వోల్ట్ చేస్తే అదే వాట్లలో స్పీడు పెరుగుద్ది.

కావలి_కుర్రోడు:
ఎర్ర అన్నా, బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్ పనులున్నాయి నాకు, దానికి ఎన్విడియా అయితే మేలు, అందుకే ఆ వైపు పోలా.

పది రోజుల తర్వాత చెప్తున్నా. ఫోన్ చేస్తే మామూలుది 85 అయిపోయింది, మెమరీ రేట్లు పెరిగాయంట, రెండు వేలు వారంలో పోయాయి. అదే తీసుకున్నా. 750 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఏడున్నర వేలు. చెరువన్న చెప్పినట్టు 0.925 పెట్టా, నా చిప్పు 2,750 ఒప్పుకోలా, 2,700 దగ్గర నిలబడింది, 66 డిగ్రీలు. ప్లస్ 300 కూడా ఒకరోజు చేసి చూశా టెకీ అన్నా, 2,990 దాకా పోయింది, ఆరు ఫ్రేములు పెరిగినయ్, గది మాత్రం ఇటుకల బట్టీ అయింది. తీసేశా.

రూమ్మేటేమో ఇప్పుడు కార్డుకి లైట్లు లేవే అని మొహం మాడ్చుకున్నాడు. వద్దన్నది వాడే.

ఒంగోలు_గిత్త:
66 డిగ్రీలు జనవరిలో చెప్పబాక. మే నెల రానీ, అప్పుడు మళ్లీ ఇక్కడికే రా.