బీపీ వల్ల సోమవారం నొప్పులు తెప్పిస్తామంటున్నారు. నార్మల్ మీద ఆశ వదులుకోవాలా?

ఖమ్మం_ఆడపడుచు:
అక్కలందరికీ నమస్కారం. నాది తొలి కాన్పు, 37 వారాలు నిండాయి. పుట్టింట్లో ఉన్నాను. మా నానమ్మ నలుగురినీ ఇంట్లోనే కంది. ఆ కబుర్లు వింటూ పెరిగానేమో, నొప్పులు వాటంతటవే రావాలి, సగం నొప్పులు ఇంట్లోనే నడుస్తూ ఓర్చుకుని అప్పుడు హాస్పిటల్‌కి వెళ్లాలి అని మొదటి నుంచీ నా కోరిక. ఐదో నెల నుంచి నడక, వ్యాయామం ఒక్క రోజు కూడా మానలేదు.

పోయిన వారం నుంచి వాపులు మొదలయ్యాయి. వేలి ఉంగరం ఇరుక్కుపోతే అమ్మ కొబ్బరినూనె రాసి, వేలికి గట్టిగా దారం చుట్టి మెల్లగా లాగింది. ఆ గాడి సాయంత్రం దాకా అలాగే ఉంది. చెకప్‌లో బీపీ 150/96, మూత్రంలో ప్రోటీన్ రెండు ప్లస్‌లు. బిళ్ల రాశారు. సోమవారం అడ్మిట్ అయిపో, జెల్ పెట్టి నొప్పులు తెప్పిస్తాం, ఇంకా ఆగడం మంచిది కాదు అన్నారు డాక్టరమ్మ. బేబీ గుండె కొట్టుకోవడం బాగుంది, బరువు 2.6 కేజీలు ఉండొచ్చట.

ఇంటికి వచ్చేసరికి తలో మాట. మా పెద్దమ్మ ఎలాగూ ఆపరేషనే అవుతుంది, ఆ ఏడుపేదో మంచి ముహూర్తం చూసి చేయించేసుకోండి అంటోంది. మా అత్తయ్య ఫోన్ చేసి తొందరపడొద్దమ్మా, ఇంకో పది రోజులు చూడండి అన్నారు. మా ఆయన బెంగళూరులో ఉన్నారు, ఆయనకి నా టెన్షన్ తప్ప ఇంకేమీ అర్థం కావట్లేదు. 2019-21 జాతీయ సర్వేలో తెలంగాణలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లే అని చదివాను. అది తెలిశాక ఎవరి మాట నమ్మాలో తెలియట్లేదు.

ఆగితే నిజంగా ప్రమాదమా? మందు పెట్టి నొప్పులు తెప్పిస్తే చివరికి ఆపరేషన్‌కే వెళ్తుందా? మంచం మీదే పడుకోబెట్టేస్తారా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ప్లీజ్.

గోదారి_గట్టు:
చెల్లీ, బీపీతో పాటు మూత్రంలో ప్రోటీన్ కూడా పోతుంటే ఇంక ఆగకు. నాకూ ఇదే, రాజమండ్రిలో. సాయంత్రం జెల్ పెట్టారు. రాత్రంతా నడుం లాగుతూ సన్న నొప్పులు, అంతే. ఏమీ అవ్వట్లేదని ఏడ్చాను కూడా. పొద్దున చూస్తే గర్భసంచి ముఖద్వారం రెండు వేళ్లు తెరుచుకుందన్నారు. అప్పుడు నొప్పులు పెంచే మందు డ్రిప్ పెట్టారు.

నిజం చెప్తున్నా, డ్రిప్ నొప్పులు గట్టిగా ఉంటాయి. మెల్లగా పెరగవు, ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తాయి. నాకు పడుకుంటే అసలు తట్టుకోలేనట్టు ఉండేది. సిస్టరమ్మని అడిగితే గుండె చప్పుడు చూసే బెల్టు పొట్టకి ఉండగానే మంచం పక్కన నిలబడనిచ్చింది. మంచం మీద రెండు చేతులూ ఆనించి ముందుకి వంగి ఊగుతుంటే మా అమ్మ నడుం కింద అరచేత్తో గట్టిగా నొక్కింది. ఆ నొక్కుడే నన్ను నిలబెట్టింది. మీ అమ్మగారికి ఇప్పుడే నేర్పించు. రాత్రికి నార్మల్‌గానే పాప పుట్టింది. మందుతో వచ్చినా కన్నది నేనే కదా.

మిడ్‌వైఫ్_సిస్టర్:
నేను తెలంగాణలో మిడ్‌వైఫ్‌గా పనిచేస్తున్నాను. అన్నిటికంటే ముందు ఒక మాట. విపరీతమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, బేబీ కదలికలు తగ్గడం, వీటిలో ఏది వచ్చినా సోమవారం దాకా కూర్చోవద్దు. అర్ధరాత్రయినా వెళ్లిపోండి. బీపీ 160/110కి చేరినా అంతే.

మీకున్నది ప్రీఎక్లాంప్సియా లాగా ఉంది. ఇది మాయ నుంచి వచ్చే జబ్బు. బిళ్లతో బీపీ దిగుతుంది కానీ జబ్బు ఆగదు, మాయ బయటికి వస్తేనే తగ్గుముఖం పడుతుంది. ముదిరితే ఫిట్స్ రావచ్చు. 37 వారాలు నిండాక బిడ్డ లోపల ఉండటం వల్ల లాభం తక్కువ, మీకు ముప్పు ఎక్కువ. ఇది ముహూర్తం కోసం చేసే పని కాదు, వాయిదా వేసే పనీ కాదండి, మీ పెద్దమ్మగారికీ అత్తయ్యగారికీ ఇదే చెప్పండి.

ఆపరేషన్ భయం గురించి. 36 వారాలు దాటి బీపీ ఉన్న గర్భిణుల మీద నెదర్లాండ్స్‌లో చేసిన పెద్ద అధ్యయనం 2009లో వచ్చింది. ఆగి చూసినవాళ్లలో 44 శాతం తల్లులకు ఇబ్బందులు వస్తే, నొప్పులు తెప్పించినవాళ్లలో 31 శాతమే. సిజేరియన్లు కూడా పెరగలేదు. అయితే తొలి కాన్పులో, సర్విక్స్, అంటే గర్భసంచి ముఖద్వారం, ఇంకా గట్టిగా ఉంటే టైమ్ పడుతుంది. జెల్, మాత్ర, లేదా నీళ్లు నింపిన ఫోలీ బెలూన్‌తో ముందు దాన్ని మెత్తబరుస్తారు. ఆ తర్వాతే ఉమ్మనీటి సంచి చీల్చడం, డ్రిప్.

ఇక్కడే చాలామంది ఓపిక పోగొట్టుకుంటారు, ఇంటివాళ్లే 'ఇంకెంతసేపు, కోసెయ్యండి' అంటారు. నాకు కోపం వచ్చేది అక్కడే. తల్లీబిడ్డా బాగుంటే మెత్తబడటానికే ఒక రోజు పట్టినా ఫర్వాలేదు. సంచి చీల్చి డ్రిప్ పెట్టాక కూడా 12 నుంచి 18 గంటలు చూడకుండా ఇండక్షన్ (మందుతో నొప్పులు తెప్పించడం) ఫెయిల్ అనకూడదు. 'ఎంతసేపు చూస్తారు మేడమ్?' అని అడ్మిట్ అవ్వకముందే అడగండి. ఆముదం, కషాయాలు మాత్రం ఇంట్లో ప్రయత్నించకండి.

సిరి_వాళ్లమ్మ:
నాది ఇండక్షన్ తర్వాత సిజేరియన్ అయింది, అది కూడా తెలియాలని రాస్తున్నాను. ముఖద్వారం ఏడు సెంటీమీటర్ల దాకా తెరుచుకున్నాక బాబు గుండె వేగం పదేపదే పడిపోయింది. డ్రిప్ ఆపి, పక్కకి తిప్పి చూశారు, తేరుకోలేదు. ఇంక తప్పలేదు. చాలా రోజులు బాధపడ్డాను, దాచను. కానీ ప్రతి దశలో నాకు చెప్పి చేశారు కాబట్టి మోసపోయానన్న భావన మాత్రం లేదు. నువ్వు కూడా ప్రతిదీ అడుగు. ఆపరేషన్ అయినా బిడ్డని వెంటనే నీ గుండెల మీద పెట్టమని ముందే చెప్పి ఉంచు.

ఖమ్మం_ఆడపడుచు:
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. సిస్టర్ గారూ, మీ రిప్లై మొత్తం మా అత్తయ్యకి చదివి వినిపించాను. ఫిట్స్ మాట దగ్గర ఆవిడే 'సోమవారం వెళ్లు తల్లీ' అన్నారు. ఇవాళ డాక్టరమ్మకి ఫోన్ చేసి ఎంతసేపు చూస్తారని అడిగాను. బీపీ అదుపులో ఉండి బేబీ బాగుంటే ఒక రోజు పైనే చూస్తాం, తొందర లేదు అన్నారు. బెల్టు ఉన్నా నిలబడొచ్చట, లేబర్ రూమ్‌లోకి ఒకరిని రానిస్తారట. అమ్మనే రమ్మన్నాను. పొద్దున్నించి నా నడుం మీద ప్రాక్టీస్ చేస్తోంది. తలనొప్పి లేదు, కదలికలు బాగున్నాయి. మా ఆయన రేపు రాత్రి బస్సెక్కుతున్నారు. ఇంట్లో నొప్పులు పడాలన్న కోరిక తీరదని బాధ ఉంది, కానీ వెళ్తున్నాను.