ఏజెంట్ల ప్రోటోకాల్‌కి ఫార్మల్ స్పెక్ కావాలా, జేసన్ స్కీమా చాలా?

సముద్ర: మా టీమ్‌లో కొద్ది రోజులుగా ఇదే వాదన. సరుకు రవాణాకి ఏజెంట్లు, అంటే తమంతట తామే బేరమాడుకునే ప్రోగ్రాములు, రాస్తున్నాం. సరుకుదారు ఏజెంట్ లోడు ప్రకటిస్తుంది, లారీ ఏజెంట్లు రేటు చెబుతాయి, నచ్చిన రేటుకి లోడు దక్కుతుంది. రీడ్ స్మిత్ 1980లో రాసిన కాంట్రాక్ట్ నెట్ పద్ధతే. దీన్ని టీఎల్ఏ ప్లస్ అనే గణిత భాషలో ఫార్మల్ స్పెక్‌గా రాసి, జరగగల దారులన్నీ వెతికే మోడల్ చెకర్‌తో పరీక్షిద్దామని నేనంటున్నాను. ప్రతి మెసేజ్ ఆకారం సరిగా ఉందో లేదో చూసే జేసన్ స్కీమా చాలని మిగతావాళ్లు. మీరేమంటారు?

చైతన్య: స్కీమా చాలండి. 1996లో మొదలైన ఏజెంట్ల ప్రమాణాల సంస్థ ఫిపా ఇలాంటి ఫార్మల్ ప్రమాణాలే తయారుచేసింది. ఇప్పుడు ఎవరు వాడుతున్నారు? ఏజెంట్లు మాట్లాడుకోవడానికి గూగుల్ 2025లో తెచ్చిన ఏ2ఏ ప్రోటోకాల్ చూడండి, జేసన్ మెసేజ్‌లతో నడుస్తోంది.

మెట్టవలస: ఫిపాకి ఇబ్బంది వేరే చోట వచ్చింది. 'ఇన్ఫార్మ్', అంటే ఒక విషయం తెలియజేసే మెసేజ్, పంపే ఏజెంట్ ఆ మాటను తాను నమ్మి ఉండాలని దాని నిర్వచనం. ఇంకో కంపెనీ ఏజెంట్ ఏం నమ్ముతోందో బయటినుంచి ఎలా తెలుస్తుంది? ఏజెంట్ల మీద పరిశోధన చేసే మునీందర్ సింగ్ 1998లోనే ఈ లోపం ఎత్తిచూపారు. ఎవరు ఎవరికి మాటిచ్చారన్నది మాత్రం మెసేజ్‌లు చూస్తే తేలుతుంది. స్పెక్ దాని మీద రాయాలి.

స్కీమాకి దొరకని తప్పు ఒకటి చెప్తాను. ఖాళీగా ఉన్నది ఒక్క లారీ. దాని ఏజెంట్ ఇద్దరు సరుకుదారులకు రేటు చెప్పింది, ఇద్దరూ ఒప్పుకున్నారు. ఫిపా కాంట్రాక్ట్ నెట్ ప్రకారం ఒప్పుకోలు అందగానే పని బాధ్యత మీద పడుతుంది. ప్రతి మెసేజూ స్కీమాకి సరిపోయింది. విడివిడిగా చూస్తే ఏ సంభాషణలోనూ వరస తప్పలేదు. రెండో లోడు మాత్రం గోడౌన్‌లోనే ఉండిపోతుంది. రెండు సంభాషణలనూ కలిపి మోడల్ చేస్తే చెకర్ ఈ దారిని వెంటనే చూపిస్తుంది.

చైతన్య: అది టెస్టింగ్‌లో దొరకదా? పైగా ఇప్పటి ఏజెంట్ల వెనక ఉన్నవి భాషా మోడళ్లు. స్పెక్‌ని పాటిస్తాయని గ్యారంటీ ఏది?

మెట్టవలస: గ్యారంటీ లేదు కాబట్టే మధ్యలో మెసేజ్‌లను గమనించే మానిటర్ పెట్టి, వరస తప్పిన మెసేజ్‌ని ఆపాలి. ఏది తప్పో మానిటర్‌కి చెప్పడానికి స్పెక్ ఉండాలి కదండీ. ఇక టెస్టింగ్ సంగతి. ఇలాంటి తప్పు ఏళ్లతరబడి ఎవరి కంటా పడకపోవచ్చు. నెట్‌వర్క్ భద్రత కోసం రాసిన నీధమ్–ష్రోడర్ పబ్లిక్ కీ ప్రోటోకాల్ 1978లో వచ్చింది. అందులో ఒకరినొకరు గుర్తుపట్టే భాగం మూడే మెసేజ్‌లు. మధ్యలో ఇంకొకడు దూరే సందు ఉందని గావిన్ లో అనే పరిశోధకుడు 1995లో చూపించేదాకా 17 ఏళ్లు గడిచాయి. తర్వాతి ఏడాది ఎఫ్‌డీఆర్ అనే చెకర్‌తో ఆ దాడిని పట్టి చూపారు. దిద్దుబాటు కూడా చిన్నదే: రెండో మెసేజ్‌లో జవాబిచ్చేవాళ్ల పేరు చేర్చడం.

సముద్ర: అయితే 'ఒక లారీకి ఒకేసారి ఒక్క బాధ్యత' అన్న నియమం ముందు రాస్తాను. సరుకుదారు ఒప్పుకున్నాక లారీ మళ్లీ ఖరారు చేయాలని పెడితే సరిపోతుందా?

మెట్టవలస: పెట్టండి. ఖరారు రాకపోతే సరుకుదారు ఎంతసేపు ఆగాలో, గడువు దాటాక వచ్చిన ఖరారు చెల్లుతుందో లేదో కూడా రాయండి. చెకర్‌ని ముందు అక్కడే నడపండి.