దంతాలకు రంగేస్తే వేట ఆగుతుందా?

కొత్త_కుర్రాడు: ఏనుగు దంతాలకు గులాబీ రంగు వేసేస్తే ఎవరూ కొనరు, వేట ఆగిపోతుంది అని వాట్సాప్‌లో ఫోటో తిరుగుతోంది. ఇంత సులువైన పని ఎందుకు చేయట్లేదు?

నైరోబీ_తెలుగోడు: ఆ ఫోటో ఎడిటింగ్ తమ్ముడూ. దక్షిణాఫ్రికాలో ఖడ్గమృగం కొమ్ముల్లోకి రంగు ఎక్కించి చూశారు. ఏనుగు దంతం అంటే పన్ను, దాన్లోకి అలా ఎక్కించలేం. పైన పూస్తే గీకేస్తారు. ముందే కోసేద్దామన్నా మూడో వంతు పుర్రెలోనే ఉంటుంది, ఆ ముక్క కోసమైనా చంపుతారు. కెన్యా చేసిందే కరెక్టు. 2016 ఏప్రిల్ 30న ఇక్కడి నేషనల్ పార్కులో 105 టన్నుల దంతాలు తగలబెట్టారు.

లెక్కల_మాస్టారు: సరుకు తగలబెడితే ధర పెరుగుతుందా, తగ్గుతుందా? అయినా దంతం కాలుతుందా అసలు?

నైరోబీ_తెలుగోడు: ఊరికే కాలదు. ఇంధనం పోస్తూ రోజుల తరబడి మండించారు.

లెక్కల_మాస్టారు: అదీ! చమురు ఖర్చు కూడా. ఎంతయిందో?

నైరోబీ_తెలుగోడు: చమురు సంగతి వదిలేయండి మాస్టారూ. 2008లో బోట్స్వానా, నమీబియా, దక్షిణాఫ్రికా, జింబాబ్వే కలిసి వంద టన్నులకు పైగా చైనాకీ జపాన్‌కీ అమ్మాయి, అనుమతితోనే. తర్వాత వేట ఎంత పెరిగిందో చూశాం. బజార్లో చట్టబద్ధమైన దంతం ఉంటే దొంగ దంతం దాని చాటున చేరిపోతుంది.

లెక్కల_మాస్టారు: తర్వాత జరిగినంత మాత్రాన దానివల్లే జరిగినట్టా? చమురు ఖర్చు చెప్పలేదు.

అడవిపిట్ట: మొజాంబిక్‌లోని గొరొంగోసా నేషనల్ పార్కులో అంతర్యుద్ధం నాడు దంతాలున్న ఏనుగుల్ని ఏరి ఏరి చంపారు. ఆ తర్వాత ఆడ ఏనుగుల్లో దంతాల్లేనివి బాగా పెరిగాయి. మీ రంగు కంటే అదే నయం.

పలమనేరు_రైతుబిడ్డ: ఎక్కడి ఏనుగుల గురించో మాట్లాడుతున్నారు. మొన్న రాత్రి మా టమాటా తోటలో పడ్డాయి. డబ్బాలు కొట్టాం, టపాకాయలు కాల్చాం. తెల్లారి చూస్తే డ్రిప్పు పైపులు ముద్ద ముద్ద, గట్టు మీద పేడ ఇంకా వేడిగా ఉంది. పోయినసారి పరిహారానికి మా నాన్న ఏడు నెలలు తిరిగాడు.

నైరోబీ_తెలుగోడు: అయ్యో. కానీ మీ తోటకీ దంతాల వేటకీ ఏం సంబంధం? దయచేసి టాపిక్ మార్చొద్దు.

పలమనేరు_రైతుబిడ్డ: సంబంధం లేదా అన్నా? బయటి వేటగాడికి ఏనుగు నీళ్లకు ఏ వేళ వస్తుందో ఎట్లా తెలుస్తుంది? ఊళ్లోవాడు చెప్పాల్సిందే. పంట పోయి కడుపు మండినవాడు ఎందుకు చెప్పడు? మీరు మంట ఫోటో షేర్ చేసి పడుకుంటారు, మేం మంచె మీద కూర్చుంటాం.

లెక్కల_మాస్టారు: నేనూ అదే అంటున్నా. దంతాలు అమ్మి ఆ డబ్బు ఊళ్లకివ్వాలి.

పలమనేరు_రైతుబిడ్డ: మీరన్నది అది కాదు మాస్టారూ. దంతం అమ్మితే చచ్చిన ఏనుగుకే రేటు. నేనడిగేది బతికున్నదానికి. మా ఊరి పక్క మంద ఎన్నాళ్లుంటే అన్నాళ్లు ఊరికి నెలనెలా అద్దె కట్టండి. ఒక్కటి కరెంటు తీగకు చచ్చినా ఆ నెల ఆపేయండి. ఊరే కాపలా కాస్తుంది.

నైరోబీ_తెలుగోడు: అద్దె ఎవరు కడతారు?

పలమనేరు_రైతుబిడ్డ: ఏనుగు కావాలనేవాళ్లు. మీరు కడతారా?

కొత్త_కుర్రాడు: నేను రంగు గురించి అడిగాను కదండీ...

లెక్కల_మాస్టారు: చమురు ఖర్చు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.