అప్‌డేట్: తెర కీబోర్డుకు ప్యానెల్ బటన్ కుదిరింది
డెస్క్‌టాప్‌కు టచ్‌స్క్రీన్ జోడించాక, ఆన్‌బోర్డ్ అనే తెర కీబోర్డును ఒకసారి తాకితే చూపి, మళ్లీ తాకితే దాచే బటన్ ఎలా పెట్టుకోవాలని లోగడ అడిగాను. అప్పుడు సూచించినట్టే ఎక్స్‌ఎఫ్‌సీఈ (లినక్స్‌లో వాడే డెస్క్‌టాప్ వాతావరణం) ప్యానెల్‌లో, అంటే తెర అంచున ఐకాన్లు ఉండే పట్టీలో, లాంచర్ (తాకితే ఒక ఆదేశాన్ని నడిపే బటన్) చేర్చి, డీబస్ (ప్రోగ్రాములు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే మార్గం) ద్వారా ఆన్‌బోర్డ్‌లోని ‘టాగుల్‌విజిబుల్’ (చూపు లేదా దాచు) పద్ధతిని పిలిచే ఆదేశాన్ని అందులో రాశాను. ఆ పిలుపును అందుకోవాలంటే ఆన్‌బోర్డ్ అప్పటికే నడుస్తూ ఉండాలి కనుక, లాగిన్ కాగానే మొదలై కనబడకుండా ఉండేలా దాని సెట్టింగ్స్‌లో మార్చాను. బటన్ వేలికి సరిగ్గా అందేందుకు ప్యానెల్ వరుసను 48 పిక్సెళ్లకు పెంచాను. చూడటానికి కాస్త మొరటుగా ఉన్నా, పక్క ఐకాన్‌పై వేలు పడే బెడద తప్పింది. అక్షరాలు టైప్ చేసే చోట కీబోర్డు తనంతట తానే తెరుచుకునే సదుపాయం ఉన్నప్పటికీ, అది అన్ని ప్రోగ్రాముల్లోనూ స్పందించడం లేదు కాబట్టి, నాకు ఈ బటనే నమ్మకంగా ఉంది. వీడియో తెర నిండా ఉన్నప్పుడు మాత్రం ప్యానెల్ మరుగున పడుతోంది.