నాన్న క్రియాటినిన్ 7.2 నుంచి 1.9కి వచ్చి ఆగింది, ఇంకా తగ్గుతుందా?

గూడెం అబ్బాయి:
మాది తాడేపల్లిగూడెం. నాన్నకు 68, రైస్ మిల్లులో గుమాస్తాగా చేసి మానేశారు. ఏడాదిగా రాత్రుళ్లు పక్క తడిసిపోయేది. వయసు మీద పడిందిలే అని అమ్మ పరుపు మీద రబ్బరు షీటు వేసేది. నొప్పి లేదు, మంట లేదు. మూత్రం ధార మాత్రం సన్నగా, చాలాసేపు వచ్చేది. ఆ మధ్య కాళ్లు వాచి, అన్నం సయించక, వాంతులు పట్టుకుంటే హాస్పిటల్‌కి తీసుకెళ్లాం. కిడ్నీల పని చెప్పే రక్త పరీక్షలో క్రియాటినిన్ 7.2. ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం దారి మూసేసిందని, రెండు కిడ్నీలూ ఉబ్బాయని స్కానింగ్‌లో తేలింది. మూత్రానికి పైపు వేయగానే లీటరున్నర పైనే వచ్చింది. డయాలసిస్ దాకా పోలేదు. పది రోజుల్లో 2.4కి దిగింది, తర్వాత 1.9. అక్కడే ఆగింది.

మళ్లీ 1కి వస్తుందా? ఇంకోటి, వచ్చే నెల మేనకోడలి పెళ్లి. ఈలోగా పైపు తీయించమని నాన్న ఒకటే గొడవ. తీస్తే ఏమవుతుంది? చాలా టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్ సిస్టర్, గుంటూరు:
బాబూ, ముందు పైపు సంగతి. డాక్టర్ చెప్పకుండా తీయించొద్దు. ప్రోస్టేట్ ఆపరేషన్ కాకుండా తీస్తే దారి మళ్లీ మూసుకుంటుంది, కిడ్నీల మీద అదే ఒత్తిడి పడుతుంది. నొప్పి ఉండదు కాబట్టి ఈసారీ ఆలస్యంగానే తెలుస్తుంది. నా సర్వీసు ఎక్కువగా యూరాలజీ వార్డులోనే గడిచింది. నొప్పితో కేకలు పెడుతూ వచ్చినవాళ్ల కంటే, నొప్పి లేకుండా రాత్రి పక్క తడుపుకునే పెద్దవాళ్లను చూస్తేనే నాకు భయం వేసేది. లోపలి మూత్రం సంచి ఎప్పుడూ నిండే ఉండి, నిద్రలో పొంగి కారుతుందన్నమాట. ఆ ఒత్తిడి పైకి ఎగదన్ని నెలల తరబడి కిడ్నీ కండను నొక్కుతుంది. రక్తం సరిగా అందక కండ పలచబడుతుంది, లోపల మచ్చ కడుతుంది. ఆ మచ్చ మళ్లీ కండ కాదు.

అడ్డు తొలగిన మొదటి రెండు వారాల్లో క్రియాటినిన్ గబగబా దిగుతుంది. ఆ తర్వాత మూడు నెలల దాకా కొద్దికొద్దిగా తగ్గొచ్చు. అప్పుడు ఎక్కడ నిలబడితే అదే నాన్నగారి లెక్క అనుకో. 1కి రాకపోవచ్చు. 1.9తో ఏళ్ల తరబడి బాగా తిరిగినవాళ్లను చూశాను, కాబట్టి బెంగ పడకు.

పైపు వేసిన రోజు బ్యాగు నిండుతూనే ఉండి ఉంటుంది, సెలైన్ కూడా ఎక్కించి ఉంటారు. నీటిని, ఉప్పును పట్టి ఉంచే శక్తి కిడ్నీకి అప్పుడు ఉండదు. కొందరికి ఆ బలహీనత చాలాకాలం మిగులుతుంది. ఎండాకాలం విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీరు తొందరగా పోతుంది, ఇంట్లో కూర్చోకుండా తీసుకెళ్లండి. పొటాషియం పరీక్ష చూడకుండా కొబ్బరి బోండాలు పట్టించొద్దు, చూడ్డానికి వచ్చినవాళ్లంతా అవే తెస్తారు. మోకాళ్ల నొప్పులకని డైక్లోఫెనాక్ బిళ్లలు, ఇంజెక్షన్లు అసలే వద్దు. బీపీ అదుపులో ఉండాలి. మూత్రంలో ప్రొటీన్ పోతోందేమో పరీక్ష చేయించు.

ఖమ్మం వాస్తవ్యుడు:
సిస్టర్ గారు చెప్పిందానికి ఒక్క మాట కలుపుతా. క్రియాటినిన్ ఒక్కటే చూసి ఊరుకోకండి. మా బావమరిది కువైట్‌లో డ్రైవర్. ఎడమ మూత్రనాళంలో రాయి. కొన్నాళ్లకు నొప్పి తగ్గింది, క్రియాటినిన్ 1.0. అంతా బాగుందనుకున్నాడు. సెలవు మీద వచ్చినప్పుడు ఏ కిడ్నీ ఎంత పనిచేస్తోందో చూపే డీటీపీఏ స్కాన్ తీస్తే మొత్తం పనిలో ఎడమ కిడ్నీ వంతు 14 శాతమే. కుడిది దాని పని కూడా లాగేస్తోంది కాబట్టి రక్త పరీక్షలో బయటపడలేదు. మీ నాన్నగారికి రెండూ దెబ్బతిన్నాయి, అందుకే నంబర్ పెరిగింది. ఏది ఎంత పనిచేస్తోందో డాక్టర్‌ని అడగండి. ఉబ్బు తగ్గిందో లేదో స్కానింగ్ కూడా మళ్లీ చేయించండి.

గూడెం అబ్బాయి:
థాంక్సండీ ఇద్దరికీ. రిపోర్టు తీసి చూశా. కార్టెక్స్ (కిడ్నీ పైపొర కండ) మందం కుడివైపు 9 మి.మీ., ఎడమవైపు 5 అని ఉంది. పెళ్లి సంగతే నాన్నకు ఎలా చెప్పాలో తెలియట్లేదు.

రిటైర్డ్ సిస్టర్, గుంటూరు:
ఎడమది సన్నబడింది బాబూ, కుడిది నయం. డాక్టర్‌కి చూపించు. పెళ్లికి నిక్షేపంగా వెళ్లొచ్చు. కాలికి కట్టుకునే చిన్న బ్యాగు సర్జికల్ షాపులో దొరుకుతుంది, పంచె కింద కనిపించదు. సగం నిండగానే ఖాళీ చేయాలి, రాత్రికి పెద్ద బ్యాగు తగిలించాలి. పడుకున్నా కూర్చున్నా బ్యాగు పొత్తికడుపు కంటే కిందే ఉండాలి. వేసింది లేటెక్స్ పైపా, సిలికాన్ పైపా కనుక్కో. లేటెక్స్‌దైతే నెల దాటనివ్వకూడదు, పెళ్లికి ముందే మార్పించు.