ఖాళీ సీసాతో టేబుల్ ల్యాంపు: గాజుకు బెజ్జం ఎలా?

సీసామూత:
750 మి.లీ. గాజు సీసా, మూతి మీద హోల్డరు, పైన బోర్లించిన వెదురు బుట్ట. వైరు కిందినుంచి బయటికి రావాలి. గోడలకు వాడే డ్రిల్ బిట్టు గాజుకు పనికొస్తుందా?

బెజ్జంబాబు:
పనికిరాదు, పగులుతుంది. గాజును గుండ్రంగా కోసే 10 మి.మీ. డైమండ్ హోల్‌సా కావాలి. హ్యామర్ మోడ్ (సుత్తిలా కొడుతూ తిరగడం) ఆపడం మరిచారో, సీసాకు నూకలు చెల్లినట్టే. అడుగు అంచు జోలికి పోకుండా రెండంగుళాల పైన మాస్కింగ్ టేపు అంటించండి. బిట్టును 45 డిగ్రీలు వంచి మొదలుపెట్టి, నెలవంకలా గాడి పడ్డాక నిటారుగా తిప్పండి. వేగం తక్కువ, నీళ్లు చుక్కచుక్కగా పడుతూ ఉండాలి. నీళ్లున్నచోట బ్యాటరీ డ్రిల్లే మంచిది. చివర్లో నొక్కితే లోపలివైపు పెచ్చు లేస్తుంది. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి.

పాతసామాను:
ఇంత తంటా ఎందుకు? పక్కనుంచి వైరు వచ్చే హోల్డరు దొరికితే బెజ్జమే అక్కర్లేదు. సీసాలో సగందాకా ఇసుక పోయండి, లేదంటే బుట్ట బరువుకి పల్టీ కొడుతుంది. తడి ఇసుకైతే గాజు లోపల చెమ్మ పడుతుంది. బాణలిలో వేయించి, పూర్తిగా చల్లారాక పోయండి.

తీగమేస్త్రి:
0.75 చ.మి.మీ. రాగి వైరు చాలు. స్విచ్చు ఫేజు (కరెంటు తెచ్చే) తీగ మీదే ఉండాలి. రెండు పిన్నుల ప్లగ్గు తిప్పి పెడితే ఫేజు, న్యూట్రల్ తారుమారవుతాయి, స్విచ్చు ఆపినా హోల్డరులో కరెంటు ఉంటుంది. అందుకే మూడు పిన్నుల ప్లగ్గు పెట్టండి. బల్బును తిప్పి బిగించే స్క్రూ హోల్డరైతే ఫేజు నడిమి పలకకే. హోల్డరు లోపల వైరుకు ముడి వేస్తే, ఎవరి కాలో తగిలి లాగినా స్క్రూల నుంచి ఊడదు. గాజు బెజ్జానికి రబ్బరు గ్రొమెట్ (అంచుకు తొడిగే రింగు) లేకపోతే అంచు వైరును కోసేస్తుంది.

సీసామూత:
బుట్ట బదులు పాలపొడి డబ్బాకు చిల్లులు కొట్టి వాడితే?

పాతసామాను:
ఖాళీ డబ్బాను కొడితే సొట్టలే. నీళ్లు పోసి గడ్డకట్టించి, ఆపైన మేకుతో కొట్టండి. రెండు వేళ్ల వెలితి ఉంచండి, లేకపోతే ఐసు అడుగును ఉబ్బిస్తుంది.

తీగమేస్త్రి:
రేకు అయితే ఎర్తు తప్పదు. మూడు తీగల వైరు తీసుకుని, పెయింటు గీకినచోట ఆకుపచ్చ తీగను స్క్రూతో బిగించండి. 5 వాట్ల ఎల్ఈడీ బల్బు చాలు. డబ్బా పైభాగం తెరిచి ఉంచండి. వేడి పోయే దారి లేకపోతే బల్బు అడుగునున్న డ్రైవరు (ఎల్ఈడీకి తగ్గట్టు కరెంటు ఇచ్చే సర్క్యూట్) ముందు పోతుంది, మిణుకుమిణుకులు మొదలవుతాయి. సీసా లోపలే వెలుగు కావాలంటే 5 వోల్టుల యూఎస్‌బీ దీపాల తీగ వేయండి. ఫోను చార్జరుతో వెలుగుతుంది, ఎర్తు గొడవే ఉండదు.